పేరు ముందు ఏం వెయ్యాలి?

జనవరి 25 సాయంత్రం మా షాపు తొందరగా కట్టెయ్యను. పద్మ అవార్డుల లిస్టు ఢిల్లీ నుంచి వచ్చేది ఆ పూటే. అందులో చెన్నై తెలుగువాళ్ల పేరు ఒక్కటి ఉన్నా చాలు, రాత్రి భోజనాల వేళకి ఏదో ఒక సంఘం వాళ్లు ఫోన్ చేసేస్తారు. "అమ్మా, అభినందన సభ పెడుతున్నాం. కార్డు కావాలి. పొద్దున్నే ప్రూఫ్ పంపించెయ్యండి." మర్నాడు గణతంత్ర దినోత్సవం, ప్రెస్సులకి సెలవు అన్న సంగతి వాళ్లకి గుర్తుండదు. గుర్తుచేస్తే కోపం వస్తుంది.

వెస్ట్ మాంబళంలో మాది చిన్న డీటీపీ షాపు. మా నాన్న కంపోజిటర్. మద్రాసులో తెలుగు అచ్చు పని ఒక వెలుగు వెలిగిన రోజుల్లో అక్షరాల అరల ముందు నిలబడి సీసపు అక్షరాలు ఏరి పేర్చిన మనిషి. నేను కంప్యూటర్లో తెలుగు కొట్టే 'అను' ఫాంట్ల కాలానికి వచ్చాను కాబట్టి కూర్చుని పని చేసుకుంటున్నాను. శుభలేఖలు, పుస్తకావిష్కరణ కార్డులు, త్యాగరాజ ఆరాధన కరపత్రాలు, సన్మాన పత్రాలు చేస్తాం. అన్నిటికన్నా సన్మానాలదే పైచేయి. చెన్నైలో తెలుగువాళ్ల సంఖ్య తగ్గిపోతోందని ప్రతి సభలోనూ బాధపడతారు గానీ, సన్మానాలు తగ్గిన దాఖలా మా షాపు లెక్కల పుస్తకంలో మాత్రం కనిపించదు.

ఈ పనిలో డిజైన్ దగ్గర పెద్ద ఇబ్బంది ఉండదు. పేచీ అంతా పేరు ముందు ఏం వెయ్యాలి అన్న చోటే. ముఖ్య అతిథి పేరుకి ముందు నాలుగు బిరుదులు చేరేసరికి అసలు పేరు రెండో లైనుకి జారిపోయిన కార్డులు మా దగ్గర బోలెడు. అందులో సగం ఎవరు ఇచ్చారో తెలియదు. గానం పేరుతో కొన్ని, నటన పేరుతో కొన్ని, సింహాలు, కోకిలలు. వాటితో నాకు పేచీ లేదు. ఊళ్లోవాళ్లు అభిమానంగా పిలుచుకున్న పేర్లు, ఎన్నయినా వేసుకోవచ్చు. డాక్టరేట్ ఉంటే డాక్టర్ అని వేస్తాం. మ్యూజిక్ అకాడమీ వాళ్లు ఇచ్చే సంగీత కళానిధి వేస్తాం. తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే కలైమామణి అయితే ఇక్కడ మనిషి ఇంటిపేరులాగే కలిసిపోయింది.

చిక్కు వచ్చేది పద్మ దగ్గర. కేంద్ర హోం శాఖ మాట స్పష్టంగా ఉంది. పద్మ అవార్డు బిరుదు కాదు, దాన్ని పేరుకి ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదు. లెటర్‌హెడ్ల మీద, ఆహ్వాన పత్రికల మీద, పోస్టర్ల మీద, పుస్తకాల మీద, ఎక్కడా. తగిలించుకుంటే అవార్డు పోవచ్చు. ఆహ్వాన పత్రికలని విడిగా చెప్పి మరీ పెట్టారు చూడండి, అంటే అచ్చంగా నా టేబుల్ మీదికి వచ్చే కాగితం గురించే. ఈ ముక్క నేను చెబితే సంఘాల కార్యదర్శులు నావైపు జాలిగా చూస్తారు. "అందరూ వేస్తున్నారు కదమ్మా, మనకే వచ్చిందా చట్టం?"

చట్టం మనకే వచ్చింది మరి. తెలుగు సినిమా టైటిల్స్‌లో నటుల పేర్ల ముందు పద్మశ్రీ అని వేసిన వ్యవహారం 2013లో హైదరాబాదులో హైకోర్టు దాకా పోయి, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కింది. దీనికి మూలం ఇంకా వెనక ఉంది. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం సైనిక హోదాలు, విద్యకి సంబంధించినవి తప్ప ప్రభుత్వం ఎవరికీ ఏ బిరుదూ ఇవ్వకూడదు. అలాంటప్పుడు భారతరత్న, పద్మ అవార్డులు బిరుదులు కావా అని 1992లో రెండు హైకోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. దాంతో 1993 నుంచి 1997 దాకా పద్మ అవార్డులే లేవు. 1995 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: ఇవి బిరుదులు కావు, ప్రతిభకి గుర్తింపు మాత్రమే, కాబట్టి ఇవ్వవచ్చు. అయితే పేరుకి తగిలిస్తే మటుకు బిరుదు అయిపోతుంది, కాబట్టి తగిలించకూడదు. అవార్డు బతికిందే ఆ షరతు మీద. అంటే ఎవరైనా గర్వంగా పేరు ముందు వేయించుకున్నప్పుడల్లా ఆ తీర్పు నిలబడిన కాలునే నరుకుతున్నారన్నమాట. కార్యదర్శి గారికి ఇంత చెప్పే ఓపిక నాకు ఉండదు, వినే ఓపిక ఆయనకీ ఉండదు. అందుకని నేను పేరు పెద్ద అక్షరాల్లో ఒంటరిగా పెట్టి, కింద విడి లైనులో చిన్న సైజులో "పద్మశ్రీ పురస్కార గ్రహీత" అని వేస్తాను. అది పేరుకి తగిలింపు కాదు, పరిచయం. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు పక్కవీధి షాపుకి వెళతారు.

పద్మ అవార్డుల్లో పైనుంచి కిందికి విభూషణ్, భూషణ్, శ్రీ అని మూడు తరగతులు. అసలు ఈ తరగతుల గొడవ మీద నాకు ఆసక్తి పుట్టింది ఒక కార్డు వల్లే. సభకి ఇద్దరు అతిథులు. ఒకరు బాగా పెద్దాయన, వయొలిన్ విద్వాంసులు, పద్మశ్రీ ఎప్పుడో వచ్చింది. ఇంకొకరు ఆయన కన్నా పాతికేళ్లయినా చిన్నవాడైన డాక్టరు గారు, పద్మభూషణ్ ఈమధ్యే వచ్చింది. కార్డు మీద ఎవరి పేరు పైన? కార్యదర్శి భూషణ్ ముందు అన్నారు. అధ్యక్షులవారు పెద్దవారి పేరు ముందు అన్నారు. ఇద్దరూ షాపులోనే, నా కుర్చీకి అటొకరు ఇటొకరు నిలబడి వాదించుకున్నారు. నేను మౌస్ పట్టుకుని పేర్లు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను. చివరికి ఎవరో అకారాది క్రమం అన్నారు. అందరికీ నచ్చింది. తీరా పేర్చి చూస్తే అన్నిటికన్నా పైకి వచ్చింది భోజనాల ఖర్చు పెట్టుకున్న దాతగారి పేరు. ఆయన పేరు "అ"తో మొదలవుతుంది.

ఆ రాత్రి కూర్చుని వెతికాను, దీనికి సర్కారు వారి లెక్క ఏదైనా ఉందా అని. ఉంది. రాష్ట్రపతి నుంచి మొదలయ్యే ప్రాధాన్య క్రమ పట్టిక. ఎవరి తర్వాత ఎవరో అందులో వరస నంబర్లతో ఉంటుంది. భారతరత్న పొందినవాళ్లకి అందులో 7ఏ అని చోటు ఉంది, కేంద్ర కేబినెట్ మంత్రుల వెంటనే. పద్మ అవార్డుల ఊసే లేదు. విభూషణ్ కైనా, భూషణ్ కైనా, శ్రీకైనా సర్కారు దృష్టిలో వేదిక మీద వేరే కుర్చీ లేదు. మా కార్యదర్శి, అధ్యక్షులు అంతసేపు పోట్లాడుకున్నది లేని కుర్చీ కోసం.

మరి తరగతులు ఎందుకు పెట్టినట్టు? ఆ కథ బాగుంటుంది. 1954 జనవరి 2న రెండు పురస్కారాలు పుట్టాయి. ఒకటి భారతరత్న. రెండోది పద్మవిభూషణ్, అందులోనే మూడు తరగతులు: పహలా వర్గ్, దూస్‌రా వర్గ్, తీస్‌రా వర్గ్. రైలు టికెట్ల లాగా ఫస్టు, సెకండు, థర్డు. మీరు గొప్పవారు, మూడో తరగతి గొప్పవారు అని పతకం చేతిలో పెడితే ఎలా ఉంటుంది? ఏడాది తిరిగేసరికి, 1955 జనవరి 8న, పేర్లు మార్చేశారు. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ. మెట్లు మూడూ అలాగే ఉన్నాయి, అంకెలు పోయాయి.

మెట్ల మధ్య తేడా ఏమిటని నియమాల్లో చూస్తే నవ్వొస్తుంది. విశిష్ట సేవకి పద్మశ్రీ. ఉన్నత స్థాయి విశిష్ట సేవకి పద్మభూషణ్. అసాధారణ విశిష్ట సేవకి పద్మవిభూషణ్. సేవ ఒకటే, ముందు విశేషణం మారుతుంది. సన్మాన పత్రాలు రాసేవాళ్లు మా షాపుకి వచ్చి విశేషణాలు ఎలా పెంచుతారో రోజూ చూస్తుంటాను గనక, ఈ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు. ఒక మెట్టు నుంచి పైమెట్టుకి వెళ్లాలంటే మామూలుగా కనీసం ఐదేళ్లు గడవాలి. అంతకు మించి కొలబద్ద ఏమీ లేదు. ఎంచే పని ఏటేటా ప్రధానమంత్రి నియమించే కమిటీది. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు, హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురి దాకా ప్రముఖులు ఉంటారు. ఏడాదికి మొత్తం 120కి మించకూడదు. చనిపోయాక ఇచ్చేవి, విదేశీయులకి, ప్రవాసులకి ఇచ్చేవి ఆ లెక్కలోకి రావు. కోర్టు 1995లో యాభై దాటకపోతే మంచిదన్నట్టు చెప్పింది గానీ, ఆ అంకెని ఎవరూ పట్టించుకోలేదు.

ఫ్రాన్సు వాళ్లది ఇలా కాదు. వాళ్లకి నెపోలియన్ 1802లో మొదలుపెట్టిన లీజియన్ ఆఫ్ ఆనర్ ఉంది, డీగోల్ 1963 డిసెంబర్‌లో పెట్టిన నేషనల్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఉంది. మొదటిదానికి ఎర్ర రిబ్బను, రెండోదానికి నీలం. రెండింటికీ ఐదేసి అంతస్తులు: షెవాలియర్, ఆఫీసర్, కమాండర్, గ్రాండ్ ఆఫీసర్, గ్రాండ్ క్రాస్. అప్పటిదాకా ఒక్కో మంత్రిత్వ శాఖ, ఒక్కో వలస ప్రాంతం పేరిట విడివిడిగా ఉన్న చిల్లర పతకాలను చాలావరకు రద్దు చేసి ఈ రెండోదాన్ని పెట్టారు. అక్కడ ఫ్రెంచి పౌరుడైతే మామూలుగా అడుగు మెట్టు నుంచే ఎక్కాలి. లీజియన్‌లో అయితే ఇరవై ఏళ్లు తక్కువ కాకుండా సేవ ఉంటే గానీ షెవాలియర్ కాలేడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకి గానీ ఆఫీసర్ కాలేడు, అదీ కొత్తగా ఏదైనా చేసి చూపిస్తేనే. విదేశీయులకి ఈ మెట్ల నియమం లేదు, ఏ తరగతైనా నేరుగా ఇవ్వవచ్చు. నాకు ఫ్రెంచి వాళ్ల పద్ధతే నచ్చింది. ఫలానా తరగతి అంటే ఫలానా ఏళ్ల పని అని తెలుస్తుంది. మన దగ్గర ఒకరు మూడు మెట్లూ ఎక్కుతారు, ఒకరు ఒకటి దాటేసి దూకుతారు, ఒకరు కింది మెట్టు మీదే పోతారు, ఎందుకో ఎవరూ చెప్పరు.

దూకినవాళ్లకి ఉదాహరణ మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. 1971లో పద్మశ్రీ, 1991లో నేరుగా పద్మవిభూషణ్. మధ్యలో భూషణ్ లేదు. మూడు మెట్లూ ఎక్కినవారు బాలు గారు. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, 2021లో పద్మవిభూషణ్. సరిగ్గా పదేసి ఏళ్లకి ఒకటి, ఎవరో కేలెండర్ చూసి ఇచ్చినట్టు. ఆఖరిది చూసుకోవడానికి ఆయన లేరు. ఆ లిస్టులో ఆయన పేరు పక్కన రాష్ట్రం గడిలో తమిళనాడు అని ఉంది. మా చెన్నై తెలుగువాళ్ల సంగతి ఇంతే. పాడింది తెలుగులో, పుట్టింది నెల్లూరు జిల్లాలో, లెక్క తమిళనాడుది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, యాభై ఏళ్లు నీళ్లు తాగిన ఊరు. కానీ మావాడంటే మావాడంటూ లిస్టు వచ్చిన రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో రెండు పక్కలా జరిగే లెక్కల యుద్ధం మాత్రం చూసి తీరాలి.

ఘంటసాల గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది, అక్కడితో సరి. ఆయన పోయింది 1974లో, యాభై రెండేళ్లు కూడా నిండకుండా. మెట్లు ఎక్కడానికి ఆయువు కూడా కావాలి, అది నియమాల్లో ఎక్కడా రాయలేదు గానీ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి ఆయువు ఉంది. 1954లో, అంకెలు ఇంకా ఉన్న ఆ మొదటి ఏడాదే, ఆవిడకి వచ్చింది రెండో తరగతి. 1975లో పద్మవిభూషణ్. 1998లో భారతరత్న. మొదటి మెట్టుకీ ఆఖరి మెట్టుకీ నలభై నాలుగేళ్లు. ఆ నలభై నాలుగేళ్లలో ఆవిడ గొంతు రెండో తరగతి నుంచి మొదటి తరగతికి వచ్చిందని ఎవరైనా అనగలరా?

ఎస్. జానకమ్మ గారు ఈ మెట్ల మీద కాలే పెట్టనన్నారు. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే తిరస్కరించారు. మరీ ఆలస్యంగా ఇచ్చారనీ, దక్షిణాది కళాకారులని చిన్నచూపు చూస్తున్నారనీ చెప్పారు. ఆ రోజు మా షాపులో ఇదే చర్చ. ఒకాయన "వచ్చినదాన్ని కాదంటారా, అహంకారం కాకపోతే" అన్నారు. మా అమ్మ లోపల్నుంచి వినిపించేలా అంది, "ఆవిడ పాడిన పాటలు మీరు వద్దనగలరా?" ఆయన చిల్లర తీసుకుని వెళ్లిపోయారు.

మెట్లు వద్దన్న రాజకీయ నాయకులూ ఉన్నారు. ఆచార్య కృపలానీ 1969లో ఈ పురస్కారాలు రద్దు చెయ్యాలని లోక్‌సభలో బిల్లు పెట్టారు. ఓడిపోయింది. 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వచ్చి వీటిని ఆపేసింది. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి వచ్చాక మళ్లీ మొదలుపెట్టారు. ఇవి పనికిమాలినవని ఆపేసిన మొరార్జీ గారికి 1991లో భారతరత్న వచ్చింది. ఆయన తీసుకున్నారు. దీని మీద నేను వ్యాఖ్యానించను.

బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఈ తరగతుల పిచ్చి ఎంతుందో తెలియాలంటే టీ నగర్‌లో తిరిగితే చాలు. ఆ పేటకి పేరు ఇచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు దేవాంగుల బిడ్డ. ముందు రావు బహద్దూర్, తర్వాత దివాన్ బహద్దూర్, ఆ తర్వాత సర్. పాండీ బజార్ రోడ్డుకి ఇప్పటికీ సర్ త్యాగరాయ రోడ్డనే పేరు. పక్కనే పానగల్ పార్కు. పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, కాళహస్తి వైపు వారు. ఆయనకి కె.సి.ఐ.ఇ., ఇండియన్ ఎంపైర్ ఆర్డర్‌లో రెండో తరగతి. అందులో కిందది సి.ఐ.ఇ., పైది జి.సి.ఐ.ఇ. ఏ జమీందారుకి ఏ అక్షరాలు వచ్చాయన్నది అప్పట్లో ఇళ్లల్లో కూడా మాట్లాడుకునేవారట. మా నాన్న చెప్పేవాడు, వాళ్ల ప్రెస్సులో పాత జమీందారీ శుభలేఖ ఒకటి నమూనాగా ఉండేదని, అందులో పెళ్లికొడుకు పేరు ఎక్కడుందో వెతుక్కోవాలని, తాతగారి అక్షరాలే మూడు లైన్లని. రాజ్యాంగం రాసినవాళ్లు 18వ అధికరణం పెట్టింది ఇలాంటివన్నీ చూసే అయి ఉంటుంది.

అదే టీ నగర్‌లో సౌత్ బోగ్ రోడ్డు ఉంది. ఇప్పుడు దాని పేరు షెవాలియర్ శివాజీ గణేశన్ సాలై. 1995లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకి కళలు, సాహిత్యాల ఆర్డర్‌లో షెవాలియర్ ఇచ్చింది. ఆ ఆర్డర్‌కి మూడే అంతస్తులు, షెవాలియర్ అందులో అడుగుది. కానీ చెన్నైలో ఆ మాటకి ఉన్న దర్జా పద్మభూషణ్‌కి లేదు. శివాజీ గారికి పద్మభూషణ్ 1984లోనే వచ్చింది, రోడ్డు మీదికి ఎక్కలేదు. బాలమురళి గారికి 2005లో అదే షెవాలియర్ వచ్చినప్పుడు ఆయన వెనక పద్మవిభూషణ్ ఉంది, మన దేశపు రెండో అత్యున్నత పౌర గౌరవం. కార్డుల మీద మాత్రం షెవాలియర్ ముందు పడేది. దానికి కారణం నాకు తెలిసి రెండే. ఒకటి, ఫ్రెంచి మాట పలకడానికి బాగుంటుంది. రెండోది, దాన్ని పేరు ముందు వేసుకోవద్దని మన హోం శాఖ ఎక్కడా చెప్పలేదు.

ఇక పోయిన వేసవిలో జరిగిన సంగతి చెప్పాలి. కోడంబాక్కంలో ఒక పెద్దాయన ఉన్నారు. పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. నాటకాలు తగ్గాక సినిమా రికార్డింగులకి వెళ్లారు, కీబోర్డులు వచ్చాక అవీ పోయాయి. 2020లో యడ్ల గోపాలరావు గారికి నాటకరంగం నుంచి పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివి, మాకూ వస్తుందన్నమాట అన్న ఆశ ఆయన శిష్యులకి పుట్టింది. నామినేషన్ పంపాలని, టైపు చేసిపెట్టమని నా దగ్గరకి తీసుకొచ్చారు.

మీలో ఎవరికైనా ఇలాంటి పెద్దవాళ్లు తెలిసి ఉంటే ఇది వినండి. నామినేషన్ ఎవరైనా పంపవచ్చు. ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేదు. ఎవరికి వాళ్లే కూడా పంపుకోవచ్చు. కేంద్రం వారి రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లోనే పెట్టాలి, పైసా ఫీజు లేదు. పెట్టిపెడతాం అని డబ్బులు అడిగేవాళ్ల మాట నమ్మకండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, డాక్టర్లు, సైంటిస్టులు తప్ప, అర్హత లేదు. అన్నిటికన్నా ముఖ్యం ఆ మనిషి చేసిన పనిని 800 మాటల్లోపు చెప్పడం.

ఎనిమిది వందల మాటలు! ఆయన శిష్యుడు రాసుకొచ్చిన కాగితాల్లో మొదటి పేజీ మొత్తం విశేషణాలే. నాద బ్రహ్మ, స్వర తపస్వి, కళామతల్లి ముద్దుబిడ్డ. నేను ఆ పేజీ అలాగే పక్కన పెట్టాను. శిష్యుడు నొచ్చుకున్నాడు. "అక్కా, అవే కదా ముఖ్యం" అన్నాడు. కాదు బాబూ, ఢిల్లీలో చదివేవాళ్లకి రాయబారం సీనులో హార్మోనిస్టు ఏం చేస్తాడో తెలియదు, అది చెప్పు అన్నాను. నటుడు పద్యం ఎత్తుకుని శ్రుతి తప్పితే ఎక్కడ పట్టుకుని మళ్లీ దారిలో పెడతాడో చెప్పు. వన్స్ మోర్ పడితే రాగం రెండోసారి ఎలా తీస్తారో చెప్పు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు మారితే ఒక్కొక్కరి శ్రుతి ఒక్కో మెట్టు, అన్నిటికీ ఒకే పెట్టె మీద వాయించాలి. ఇవన్నీ నాకు తెలిసి చెప్పినవి కావు. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. మధ్యలో ఫలానా నటుడు ఎంత గొప్పవాడో, ఎంత తాగేవాడో కూడా వచ్చాయి. అవి టైపు చెయ్యలేదు.

ఋజువుల దగ్గర ఇంకో తంటా. కరపత్రాల్లో హార్మోనిస్టు పేరు ఎప్పుడూ అట్టడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిటిలో పేరు కూడా లేదు, "హార్మోనియం" అని ఉండి ఊరుకుంది. పాత కాగితాలు స్కాన్ చేస్తుంటే మా నాన్న పేర్చిన కరపత్రం కూడా ఒకటి దొరికింది. అందులోనూ అంతే.

పద్ధతి అంతా చెప్పాక పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "దీనికి డబ్బులేమైనా వస్తాయామ్మా?" రావండి అన్నాను. రాష్ట్రపతి సంతకంతో సనద్ అనే ఒక పత్రం, ఒక పతకం, సభలకి పెట్టుకోడానికి దాని చిన్న నమూనా. అంతే. రైల్లో రాయితీ కూడా లేదు. ఆయన కాసేపు ఆలోచించి, "రైల్లో సీనియర్ సిటిజన్లకి ఇచ్చేదే తీసేశారు కదా, ఇదెందుకిస్తారు" అన్నారు. తర్వాత ఇది ఏ తరగతికి పంపుతున్నామని అడిగారు. పద్మశ్రీ అని శిష్యుడు చెప్పాడు. "నాటకంలో నాకెప్పుడూ ఇచ్చింది పిట్ట గోడ పక్కన స్టూలే. దానికన్నా నయమే" అన్నారు, అని నవ్వారు కూడా.

నన్నడిగితే కళలకి తరగతులే వద్దు. శాస్త్రవేత్తకీ, డాక్టరుకీ, పరిశ్రమ పెట్టినవాడికీ ఏదో ఒక కొలత దొరకచ్చు. హార్మోనిస్టు చేసిన పనికి ముందు ఏ విశేషణం పెడతారు? ఉన్నత స్థాయి శ్రుతి, అసాధారణ శ్రుతి అని ఉంటాయా? శ్రుతి కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. కళలకి ఒక్కటే పతకం పెట్టి, ఎన్నేళ్ల పనో వెనక చెక్కితే నాకు సమ్మతం. ఈ మాట బ్లాగులో కాకపోతే ఎక్కడ అనను.

నామినేషన్ గడువులోపే వెళ్లిపోయింది. జనవరి 25న ఏమవుతుందో ఆ రోజు చూద్దాం. శిష్యుడు మాత్రం నిన్నే షాపుకి వచ్చి అభినందన సభ కార్డు నమూనా ముందే చేసి పెట్టమన్నాడు, పేరు ముందు ఒక మాట పట్టేంత ఖాళీ వదిలి. ఖాళీ వదలను, వస్తే కింద విడి లైనులో వేస్తాను, అడ్వాన్సు ఇచ్చి వెళ్లు అన్నాను.